ఓటుకు పతకం

ఆటల్లో గెలుపోటములు మైదానంలోనే తేలాలనేది పాతకాలపు చాదస్తం. పరుగుపందెంలో గడియారం చెప్పేస్తుంది, ఫుట్‌బాల్‌లో గోల్ చెప్పేస్తుంది. ఇక పెద్దమనుషులకు పనేముంటుంది? ఆ లోటు తీర్చడానికే కాబోలు 1976లో ఐస్ డ్యాన్స్‌ను, అంటే స్కేట్లు కట్టుకుని మంచుమీద చేసే జంట నాట్యాన్ని, ఒలింపిక్స్‌లో చేర్చారు. ఇందులో గాల్లో గిరగిరా తిరిగే గెంతులుండవు. అమ్మాయిని తలమీదికెత్తి పట్టుకుంటే ఒప్పుకోరు. జంటగా, దగ్గరదగ్గరగా, బ్లేడు అంచుమీద ఒరుగుతూ పాటకు తగ్గట్టు సాగాలి. ఎవరు బాగా సాగారో మామూలు కళ్లకు అంతుపట్టదు. జడ్జీలకు మాత్రం పడుతుంది, గిట్టనివాళ్ల మాట నమ్మితే ఒక్కోసారి పోటీ మొదలవకముందే.

ఈ రంగంలో పైకి రాదలచిన యువత ఫ్రాన్స్ విజేత మరీనా అనిసినా జీవితాన్ని శ్రద్ధగా చదవాలని నా సిఫార్సు. ఈ ఆటలో సిఫార్సు అనే మాటకున్న బరువు తెలిసే వాడుతున్నాను.

ఆమె పుట్టింది 1975లో, మాస్కోలో. తల్లి స్కేటర్, తండ్రి ఐస్ హాకీ ఆటగాడు. ఇల్యా అవెర్బుఖ్‌తో జోడీకట్టి 1990లో, 1992లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. అంతలో అవెర్బుఖ్ మరో స్కేటర్ ఇరీనా లొబచేవాను ప్రేమించి జోడీ మార్చేశాడు. మన దగ్గర పార్టీ మారిన ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి కోసమే మారానంటాడు. ఈ కుర్రాడు ప్రేమ కోసమని నిజం చెప్పాడు. ఆపాటి నిజాయితీకి మార్కులు వేయాల్సిందే.

అనిసినా మాత్రం పోటీల క్యాసెట్లు ముందేసుకుని, నచ్చిన అబ్బాయిని ఏరుకుని ఉత్తరం రాసింది. ఆ అబ్బాయి ఫ్రాన్స్‌లోని లియాన్ కుర్రాడు, గ్వెండాల్ పెజెరా. వెంటనే బదులివ్వలేదు, అతనికి అప్పటికే ఒక జోడీ ఉంది. ఆ అమ్మాయి విడిపోయాక ఉత్తరానికి విలువొచ్చింది. 1993లో అనిసినా లియాన్ చేరి పెజెరా ఇంట్లోనే ఉంది. మ్యూరియెల్ బూషే-జజూయి శిక్షణ ఇచ్చింది. మరుసటి ఏడాదికల్లా ఫ్రెంచి పౌరసత్వం! ఒక్క ఉత్తరంతో జోడీ, కోచ్, కూడు, గూడు, పౌరసత్వం. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి అమెరికాలో ఎదురుచూస్తున్న మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ పేరా చదవకపోతే మంచిది.

ఈ ఆటలో సీనియారిటీ పద్ధతి ఒకటుంది. ముందున్నవాళ్లు రిటైరైతేనే వెనకవాళ్లకు ప్రమోషన్. 1998 నాగానో ఒలింపిక్స్‌లో వీళ్లకు కాంస్యం వచ్చింది. 1998, 1999 ప్రపంచ పోటీల్లో రెండో స్థానం, 2000లో సొంతగడ్డ నీస్‌లో స్వర్ణం, 2001లో మళ్లీ రెండు. ఆట మాత్రం ఆగి చూడాల్సిందే. ఎప్పుడూ మగవాడే ఆడదాన్ని ఎత్తే చోట ఈవిడ అతన్ని ఎత్తింది. మోకాళ్లు వంచి, నడుం బిగించి, వేగం తగ్గకుండా జారుతూ నిండు మగాణ్ణి మోస్తుంటే, అతని పొడవాటి బంగారురంగు జుట్టు గాలికి ఎగిరేది. అంత బరువు మోసిన మనిషిని చివరికి కుంగదీసింది ఎవరో వేసిన ఒక ఓటు.

2002 ఫిబ్రవరి, సాల్ట్ లేక్ సిటీ. ఐస్ డ్యాన్స్‌తో సంబంధంలేని పెయిర్స్ (గెంతులు, తలమీది ఎత్తుళ్లు ఉండే జంట స్కేటింగ్) పోటీలో రష్యా జోడీ తడబడింది, కెనడా జోడీ తడబడలేదు. స్వర్ణం 5-4 ఓట్లతో రష్యాకే దక్కింది. ఆ అయిదులో ఒకటి ఫ్రెంచి జడ్జి మరీ-రేన్ లె గూన్యుది. హోటల్లో నిలదీస్తే ఆమె భోరుమని, మా స్కేటింగ్ సమాఖ్య అధ్యక్షుడు దిదియే గైయాగే ఒత్తిడి తెచ్చాడంది. రష్యా పెయిర్స్‌కు మా ఓటు, మా ఐస్ డ్యాన్స్ జోడీకి వాళ్ల మద్దతు: తెలుగు పేపరు చదివే వాళ్లెవరికైనా కంఠతా వచ్చిన క్విడ్ ప్రో కో. తర్వాత ఆమె మాట మార్చింది. ఆయన అసలేమీ జరగలేదన్నాడు. నిర్వాహకులు కెనడాకు కూడా ఒక స్వర్ణం ఇచ్చేశారు. తగాదా వస్తే ఇద్దరికీ పంచడం తెలివైన పంచాయితీ.

ఈ గొడవ నెత్తిమీద పెట్టుకుని, వారం తిరిగేసరికి అనిసినా జోడీ మంచు మీదికి దిగింది. ఎంచుకున్న అంశం స్వేచ్ఛ. నేపథ్యంలో మార్టిన్ లూథర్ కింగ్ గొంతు. స్వర్ణం వచ్చింది. స్కేటింగ్‌లో ఫ్రాన్స్‌కు 1932 తర్వాత ఇదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. రజతం ఎవరికనుకున్నారు? లొబచేవా, అవెర్బుఖ్‌లకు. ప్రేమకు వెండి, ఉత్తరానికి బంగారం.

కింది స్థానాల కథ ఇంకా పసందు. కింద పడ్డ ఇటలీ జోడీకి మూడో స్థానం, కింద పడ్డ కెనడా జోడీకి నాలుగు, పడకుండా నిలబడ్డ లిథువేనియా జోడీకి అయిదు. లిథువేనియా ఫిర్యాదు చేస్తే కొట్టేశారు. పడటం ఎలాగో నేర్చుకోకుండా ఒలింపిక్స్‌కు ఎందుకొచ్చినట్టు?

ఆ రాత్రి ఫ్రెంచి జోడీ అందరికన్నా మిన్నగా ఆడిందనే నా అభిప్రాయం. కానీ ఎలా రుజువు చేస్తారు? దొంగ ఓట్లు పడ్డాయన్న ఊళ్లో నిజంగా గెలిచినవాడికీ ఊరేగింపు ఉండదు. అనిసినా అడగని సాయం ఆమె పేరున ఖాతాలో పడింది. అసలు పడిందో లేదో తేలలేదు, వడ్డీ మాత్రం ఆమే కడుతోంది.

సంస్కరణలు రాలేదంటే పాపం. జడ్జికీ సమాఖ్య అధ్యక్షుడికీ మూడేళ్ల నిషేధం వేశారు. ఆరు మార్కుల పాత పద్ధతి తీసేసి పాయింట్లు తెచ్చారు. అన్నిటికన్నా గొప్పది, ఏ జడ్జి ఎంత వేశాడో బయటికి తెలియకుండా దాచడం. ఎవరో లోపాయికారీగా ఓటేశారని గోల కదా, ఇకమీదట ఓటేసింది ఎవరో తెలియకపోతే గోలే ఉండదు! ఈ మహత్తర ఆలోచన 2016 దాకా నడిచింది. గైయాగే నిషేధం తీరాక, 2007లో ఫ్రెంచి సమాఖ్య ఆయన్నే మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అనుభవజ్ఞుణ్ణి ఎవరు వదులుకుంటారు?

పెజెరా బ్లేడ్లు విప్పేశాక రోన్-ఆల్ప్స్ ప్రాంతీయ మండలికి ఎన్నికయ్యాడు. స్కేటింగ్ వాడికి రాజకీయాలేం తెలుసని కొందరన్నారట. ఆ కొందరు ఐస్ డ్యాన్స్ ఎప్పుడూ చూసి ఉండరు.