వెనకకాళ్ల మీద లేచిన సింహం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ, యూరప్ రాజవంశాల జెండాల మీద ఎనిమిది వందల ఏళ్లకు పైబడి పంజా ఎత్తి నిలబడ్డ సింహం గారి దివ్యసముఖమునకు, కుట్టుమిషన్ కొని నెల తిరగనివాళ్లందరి తరఫున వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

అయ్యా, వంశధ్వజం కుడదామని కూర్చున్న ప్రతి కొత్తవాళ్లూ మిమ్మల్నే ఎందుకు పిలుస్తారో! అడ్డపట్టీ ఉంది, శిలువ ఉంది, తిరగేసిన V లాంటి చెవ్రాన్ పట్టీ ఉంది. అన్నీ తిన్నని కుట్లే, ఒక్క సాయంత్రం పని. అవన్నీ కాదని నాలుగు పంజాలు, పంజాకు మూడేసి గోళ్లు, చాచిన నాలుక, కుచ్చుతోక గల తమరే కావాలంటారు. అదీ జూలులో వెంట్రుకలు లెక్కపెట్టుకోగలిగేంత నాజూకు బొమ్మ ఏరుకొస్తారు. మధ్యయుగాల్లో తమరు ఇలా లేరు. దూరం నుంచి ఎవరి జెండానో తెలియాలి గనక జూలు నాలుగైదు పాయలుగా, గోళ్లు మొద్దుగా, గుడ్డ నిండా పరుచుకుని ఉండేవారు. కత్తిరించిన బొమ్మ అంచు ఊడకుండా ఇంటి మిషన్ మీద వేసే వంకరటింకర కుట్టు, అదే జిగ్‌జాగ్ వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. గోరు అటూ ఇటూ కుట్టేసరికే ఏడెనిమిది పోతుంది. అంటే సెంటీమీటరు కన్నా సన్నగా గీసిన గోరు గోరుగా మిగలదు, దారపు ముద్దవుతుంది.

ఇక తమరి కొలువుకు శాటిన్ తప్ప మరొకటి పనికిరాదని ఎవరు చెప్పారో కూడా సెలవివ్వాలి. 1877 జనవరి 1న జరిగిన ఢిల్లీ దర్బారు సందర్భంగా వైస్రాయ్ లిట్టన్ మన సంస్థానాధీశులకు ఇలాంటి శాటిన్ జెండాలే పంచాడు. వాటి మీది చిహ్నాలు గీసింది బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి రాబర్ట్ టేలర్. ఆ దర్బారుకు హైదరాబాదు నుంచి వెళ్లిన నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి 10 ఏళ్లు. ఇత్తడి కర్రల బరువుకు ఒక్కో జెండా ఎత్తడానికి ఇద్దరు హైలాండర్ (స్కాట్లాండ్ కొండసీమ) సైనికులు కావలసివచ్చింది! వైస్రాయ్‌కి చెల్లింది. కొత్తవాళ్ల చేతిలో శాటిన్ మిషన్ పాదం కింద జారుతుంది, అంచు పోగులు ఊడుతుంది, ఒక్క జిగ్‌జాగ్‌కే ముడుచుకుంటుంది. పాప్లిన్ కొనుక్కోమనండి. 36 అంగుళాల చదరపు జెండాకు 44 అంగుళాల పన్నా పసుపు గుడ్డ మీటరుంపావు, తమరి ఒంటికి ఎర్ర గుడ్డ మరో మీటరు. రెండూ విడివిడిగా తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. ఎరుపు రంగు ఎక్కువగా వదిలేది మొదటి తడుపులోనే. ఆ వదిలేదేదో బకెట్లో వదలాలి గానీ పసుపు గుడ్డ మీద కాదు.

రంగుల విషయంలో తమరి వంశచిహ్నాల శాస్త్రం ఒక్కటే మాకు నచ్చింది. పసుపంటే బంగారం, తెలుపంటే వెండి, కనుక అవి లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదు. జెరూసలేం రాజ్యం తెలుపు మీద బంగారు శిలువలు పెట్టి చెల్లించుకుంది. నలుపు మీద నీలం సింహం వేస్తే మాత్రం మేడ మీద ఏదో గుడ్డ ఆరేశారనుకుంటారు. ఇంకో సంగతి, గుడ్డ మధ్యలో డాలు గీసి అందులో మిమ్మల్ని ఇరికించే అలవాటు మానిపించండి. జెండా అంటే డాలు లోపలి బొమ్మ గుడ్డంతా పరుచుకోవడం.

అసలు తంటా కుట్టులో ఉంది. తమరి ముఖం జెండాకు రెండువైపులా కర్రవైపే ఉండాలట! రెండు జెండాలు కుట్టి వీపూ వీపూ అతికిస్తే ఎండలో వెనక బొమ్మ ముందుకు కనబడుతుంది. అంతకన్నా, పసుపు గుడ్డ మీద ఎర్ర గుడ్డ పరిచి, నాలుగేసి అంగుళాలకు కచ్చా కుట్టు వేసి, గీత వెంట పొట్టి తిన్నని కుట్టు నడపాలి. గీత బయటి ఎరుపు కత్తిరించి, అంచు మీద ఒత్తుగా జిగ్‌జాగ్ వేయాలి. తర్వాత వెనక్కి తిప్పి, తమరి పొట్ట మీది పసుపును కుట్టు పక్కకంటా తీసేస్తే సరి, ఒక్క సింహమే రెండువైపులా కనబడుతుంది. బాబిన్‌లోనూ (అడుగు దారపు చుట్టలో) ఎర్ర దారమే ఉండాలి. పసుపు తీసేటప్పుడు రెండు గుడ్డల్ని వేళ్లతో గిల్లి విడదీసి, మొండిమొన కత్తెర వాడకపోతే తమరి పొట్టకే చిల్లు.

జిగ్‌జాగ్ గుడ్డను లోపలికి లాగుతుంది. అందుకే అడుగున పల్చటి కాగితం పెట్టి, పైదారం బిగువు కాస్త సడలించాలి. కుట్టయ్యాక కాగితం చింపేయొచ్చు. గోరు కొనలో తిరిగేటప్పుడు సూది బయటివైపు పసుపులో దిగి ఉండాలి; గోళ్ల సందులో అయితే లోపలివైపు ఎరుపులో. తారుమారైతే మూలలో కుట్టు పడక సందు మిగిలి, అక్కడే పోగులు లేస్తాయి. తమరి ఒక్క పంజాకే ఇలా ఐదారు తిరుగుళ్లు. మిషన్‌కు జిగ్‌జాగ్ లేకపోతే ఫాల్, పీకో కుట్టే షాపులో అడగొచ్చు గానీ, చీర అంచు తప్ప చూడని ఆ మిషన్ ముందు తమరి తోక పెట్టి కూర్చుంటే వాళ్లేమంటారో మేము పూచీ కాదు. నీలం నాలుకకు, గోళ్లకు చేత్తో గొలుసు కుట్టు నింపితే చాలు.

కర్రవైపు గొట్టానికి రెండున్నర అంగుళాలు వదలాలి. అర అంగుళం మడతకు పోగా మిగిలిన రెండింట్లో అంగుళం కర్ర సులువుగా దూరుతుంది. పైకొస మూసి కుట్టకపోతే జెండా కిందికి జారిపోతుంది. ఈ రెండు అంగుళాలు మరిచి మిమ్మల్ని గుడ్డ నడిమధ్యలో కూర్చోబెడితే, ఎత్తిన పంజా కర్ర చుట్టూ తిరిగిపోతుంది.

చివరిగా తమరి పరువు సంగతి. పసుపు మీద ఎర్ర సింహం స్కాట్లాండ్ రాజుగారి సొత్తు. వంశచిహ్నాలు చూసుకునే లార్డ్ లయన్ అనే అధికారి, 1672 నాటి చట్టం కాపలా. అనుమతి లేకుండా ఆ దేశంలో ఇంటి మీద ఎగరేస్తే నేరమే. 1934లో ఐదో జార్జి చిన్న చేతిజెండాలు ఊపుకోవడానికి మాత్రం సెలవిచ్చాడు. పోనీ నల్లగా చేద్దామంటే ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) వాళ్లది. ఎరుపు మీద తెల్లగా చేసి రెండో తోక తగిలిస్తే బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) వాళ్లది. కనుక చేతిలో ఏదైనా పట్టుకుని వేరుపడండి. కత్తెర మాత్రం వద్దు, దాని పిడుల్లో రెండు బొక్కలున్నాయి.

ఇట్లు,
సూది మొన విరిగిన సంఘం.

తా.క.: తోక కుచ్చుకు మూడు పాయలు మించనివ్వకండి.