శ్రీశ్రీశ్రీ డీబీఎఫ్ వారి సన్నిధిలో

ఈ తరం ప్రోగ్రామర్లకు పెద్దలంటే గౌరవం లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోని వివరాలను డీబీఎఫ్ ఫైలుగా పంపమని ఏదైనా ఆఫీసు అడిగితే చాలు, ముఖం చిట్లించి "ఇంకా అదేనా?" అంటారు. అవును, అదే. 1980ల్లో డీబేస్ అనే డేటాబేసు ప్రోగ్రాముతో వచ్చి, అలాంటిదే అయిన ఫాక్స్‌ప్రో చేయి పట్టుకుని మన గుమాస్తాల బల్లలెక్కి, ఆ ఫాక్స్‌ప్రోకు 2015లో మైక్రోసాఫ్ట్ నీళ్లొదిలినా కుర్చీ దిగని ఫైలు. పదవీ విరమణ దాని సర్వీసు నిబంధనల్లో లేదు.

ఆ వంశానికి పుట్టుకతోనే హోదా ఉంది. డీబేస్‌ను మొదట మార్కెట్లోకి దింపినప్పుడే దాని పేరు డీబేస్ రెండు. ఒకటి అనేది అమ్మకానికి రానే లేదు. ఉద్యోగంలో చేరిన రోజే సీనియారిటీ రాయించుకున్న ఈ సరుకు మన ఆఫీసులకు నచ్చడంలో వింతేముంది?

ఇక దాని క్రమశిక్షణ చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో గడి (కాలమ్) పేరు 63 బైట్ల దాకా పెట్టుకోవచ్చు. ఎంత దుబారా! డీబీఎఫ్ 10 అక్షరాలిచ్చి సర్దుకోమంటుంది. ఇంగ్లీషులో 'ఫాదర్', ఒక అడుగు గీత, 'నేమ్' కలిపితే 11. తండ్రి పేరుకు చివరి అక్షరం గోవిందా. తల్లి పేరుకూ అదే గతి, పక్షపాతం లేదు. 'పర్మనెంట్ అడ్రస్', 'పర్మనెంట్ పిన్‌కోడ్' అని రెండు గడులున్నాయనుకోండి. 'పర్మనెంట్', దాని పక్కన గీత పడేసరికి 10 నిండిపోతాయి. చిరునామా పోయె, పిన్‌కోడ్ పోయె, శాశ్వతత్వం ఒక్కటే మిగిలె. ఇందులోని వేదాంతం అందని కుర్రవాడు రెండోదాని తోక కోసి ఒక అంకె తగిలిస్తాడు. నెల తిరిగేసరికి ఏది చిరునామాయో, ఏది పిన్‌కోడో వాడికే గుర్తుండదు.

తెలుగు పేర్ల సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు తలా 3 బైట్లు. 'సూర్యనారాయణ' అంటే 33. పేరు గడి వెడల్పు 30 అయితే 'సూర్యనారాయ' లోపలికి వెళతాడు, 'ణ' గుమ్మం బయట నిలబడుతుంది. పోనీ అని తెలుగు అక్షరాలే లేని పాత కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక)లోకి మారిస్తే ఆయన 11 ప్రశ్నార్థకాలుగా మారిపోతాడు. అలాగని ఫిర్యాదు చేస్తే ఏ సూర్యనారాయణ గారని అడుగుతారు, న్యాయమే.

అంకెలకూ ఇదే మర్యాద. గడిలో పట్టని పెద్ద మొత్తం వస్తే ఫాక్స్‌ప్రో దాన్ని నక్షత్రాలుగా చూపిస్తుంది. ఎంత రావాలని అడిగిన పెన్షనరుకు చుక్కలు చూపించడం అంటే ఇదే కాబోలు.

అన్నిటికన్నా నాకు నచ్చింది తొలగింపు. ఇందులో రికార్డును కొట్టేస్తే అది ఎక్కడికీ పోదు. దాని మొదటి బైటులో ఒక నక్షత్రం గుర్తు (*) పడుతుంది, అంతే. ప్యాక్ అనే ఆజ్ఞ ఎవరైనా ఇచ్చేదాకా అక్కడే ఉంటుంది, సస్పెండ్ అయిన ఉద్యోగిలా. బతికున్న రికార్డుకు ఆ బైటులో ఒక ఖాళీ (స్పేస్) ఉండాలి. కోడ్‌లో ఆ ఒక్క ఖాళీ రాయడం మరిచారా, వరుస మొత్తం ఒక అక్షరం పక్కకు జరిగి, ఆడా మగా గడిలో వయసు అంకెలు, వయసు గడిలో ఊళ్ల అక్షరాలు కనిపిస్తాయి.

భవిష్యత్తుపై బెంగ అక్కర్లేదు. ఫైలు మొదట్లో, చివరిసారి మార్చిన సంవత్సరానికి 1900 నుంచి లెక్క పెట్టే ఒకే ఒక్క బైటు ఉంది. 2155 దాకా ఢోకా లేదు. మన ఆఫీసు కంప్యూటర్లు మార్చే వేగానికి ఆ గడువు కాస్త తొందరే.

ఇన్ని పాట్లు పడి పంపిన ఫైలును అక్కడ దేనితో తెరుస్తారంటారా? ఎక్సెల్‌తో. 2007 నుంచి ఎక్సెల్ డీబీఎఫ్‌ను తెరుస్తుంది కానీ ఆ రూపంలో తిరిగి భద్రపరచదు. కనుక ఒక్క అక్షరం దిద్దాలన్నా సాయంత్రం అయిదున్నరకు ఫోను వస్తుంది: "బాబూ, ఒకాయన ఇంటిపేరు తప్పు పడింది. మొత్తం మళ్లీ పంపించు. పాత పద్ధతిలోనే సుమా."