కొబ్బరి క్రీమ్ గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

“పాల క్రీమ్ మానేయండి, కొబ్బరి క్రీమ్ వాడండి” అంటూ ఒక మెసేజ్ చాలాకాలంగా ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారినా అందులో ఉండేది ఇదే. ఏ కొబ్బరి పాల డబ్బా అయినా సరే, రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకల్లా పైన క్రీమ్ కట్టి ఉంటుంది. కొనేముందు డబ్బా ఊపి చూడండి, చప్పుడు రాకపోతే అసలైనది. పాల క్రీమ్ ఎంత వేస్తారో ఇదీ అంతే వేయండి. పొయ్యి మీద విరిగితే అది కల్తీ. లేబుల్ మీద గమ్ అని కనిపిస్తే కెమికల్. కొలెస్ట్రాల్ లేదు కాబట్టి గుండెకు మంచిది. పాలు పడనివాళ్లు కళ్లు మూసుకుని వాడొచ్చు.

పాల క్రీమ్ వద్దనుకునేవాళ్లకు కొబ్బరి క్రీమ్ మంచి ప్రత్యామ్నాయమే. ఆ మాట వరకు నాకు పేచీ లేదు. పేచీ అంతా “ఏదైనా”, “అంతే”, “కళ్లు మూసుకుని” అన్న దగ్గరే.

“ఏ డబ్బా అయినా ఫ్రిజ్‌లో పెడితే క్రీమ్ కడుతుంది”

కట్టదు. తురిమిన కొబ్బరిలో నీళ్లు పోసి పిండితే వచ్చేవి కొబ్బరి పాలు. వాటిలో కొవ్వు సన్నటి బొట్లుగా ఉంటుంది. కొబ్బరిలోని ప్రోటీన్ ఆ బొట్లను నీళ్లలో కలిపి పట్టి ఉంచుతుంది గానీ ఆ పట్టు అంతంత మాత్రమే. అందుకే ఇంట్లో తీసిన పాలను కొన్ని గంటలు కదపకుండా ఉంచితే మీగడ పైకి తేలి, పల్చటి నీరు అడుగున మిగులుతుంది. డబ్బాలో ఇలా విడిపోతే కొనేవాళ్లకు నచ్చదు కదా. అందుకని చాలా కంపెనీలు ఆ బొట్లను గట్టి ఒత్తిడితో ఇంకా చిన్నవి చేసి, గ్వార్ గమ్, జాంతన్ గమ్, పాలీసార్బేట్ 60 లాంటివి కలుపుతాయి. ఆ పని బాగా చేసిన డబ్బాను ఎన్నాళ్లు ఫ్రిజ్‌లో పెట్టినా పై నుంచి అడుగు దాకా ఒకే చిక్కదనం. గరిటెతో తోడుకోవడానికి పైన ఏమీ ఉండదు. విడిపోవడమే మీకు కావాలంటే, పదార్థాల జాబితాలో కొబ్బరి, నీళ్లు తప్ప ఇంకేమీ లేని డబ్బా వెతుక్కోవాలి. దాన్ని ఊపకుండా ఫ్రిజ్‌లో పెట్టి, ఊపకుండానే తెరవాలి. మూత తీస్తే పైన చెంచా నిలబడేంత గట్టి తెల్లటి పొర, కింద కలక నీళ్లు కనిపిస్తాయి.

అసలు పాలకూ క్రీమ్‌కూ గీత ఎక్కడ? దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. ఆహార ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ 2003లో పెట్టిన లెక్క ప్రకారం కొబ్బరి పాలలో కనీసం 10 శాతం, కొబ్బరి క్రీమ్‌లో కనీసం 20 శాతం, ఇంకా చిక్కబరిచిన క్రీమ్‌లో కనీసం 29 శాతం కొవ్వు ఉండాలి. లైట్ అని రాసినదాంట్లో 5 శాతం ఉన్నా చాలు. లైట్ డబ్బా నుంచి క్రీమ్ రావాలని ఎదురుచూడటం దండగ. కాఫీలోకీ, గ్లాసులో పోసుకుని తాగడానికీ అమ్మే కొబ్బరి డ్రింకులో కొవ్వు ఇంకా తక్కువ, దాదాపు నీళ్లే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో “కొబ్బరి 85 శాతం” అని ఉంటే అది కొవ్వు శాతం కాదు. పిండిన కొబ్బరి సారం ఎంత, పైన కలిపిన నీళ్లు ఎంత అని చెప్పే లెక్క మాత్రమే. ఆ సారం ఎంత చిక్కటిదో అది చెప్పదు. డబ్బా వెనక్కి తిప్పి, పోషకాల పట్టికలో 100 గ్రాములకో 100 మిల్లీలీటర్లకో కొవ్వు ఎన్ని గ్రాములు ఉందో చూడండి. గిలక్కొట్టి నురగ తేవాలంటే ఆ అంకె 20కి పైన ఉండాలి, ఎంత ఎక్కువైతే అంత మేలు. సూప్‌లోకో కూరలోకో అయితే 15, 17 ఉన్నా పని జరిగిపోతుంది.

డబ్బా ఊపి చూసే చిట్కా సంగతి కూడా ఇంతే. కొబ్బరి కొవ్వు సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడిగా ఉన్న కొట్లో మేలైన క్రీమ్ కూడా గలగలమంటుంది. చల్లటి కొట్లో గమ్ దట్టించిన పల్చటి పాలు కూడా నోరు మెదపవు. ఊపితే తెలిసేది ఆ పూట ఎండ ఎంతో, అంతే.

కొబ్బరి క్రీమ్ పక్కనే, దాదాపు అలాంటి పేరుతోనే, చక్కెర పాకం కలిపిన కాక్‌టెయిల్ డబ్బా కూడా ఉంటుంది. అది కూరలో పడితే ఆ పూట వంట గోవిందా. పదార్థాల్లో చక్కెర ఉంటే అక్కడే పెట్టేసి రండి.

“పాల క్రీమ్ ఎంతో ఇదీ అంతే, ఏ వంటలోనైనా”

అన్నిటికంటే ఎక్కువ వంటలు పాడుచేసేది ఈ మాటే.

గిలక్కొట్టడానికి అమ్మే చిక్కటి పాల క్రీమ్‌లో కొవ్వు సుమారు 36 శాతం. డబ్బాల్లో దొరికే కొబ్బరి క్రీమ్‌లో చాలావరకు 20 నుంచి 24 శాతం. అంటే అదే తూకంలో కొవ్వు తక్కువ, నీళ్లు ఎక్కువ. వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చేసే గనాష్ సంగతే చూడండి. 100 గ్రాముల పాల క్రీమ్ స్థానంలో 100 గ్రాముల కొబ్బరి క్రీమ్ పోస్తే పది గ్రాములకు పైగా నీళ్లు అదనంగా పోసినట్టే. కేక్ మీద పరుచుకుని నిలవాల్సిన గనాష్ అంచుల మీంచి జారిపోయి పళ్లెంలో చేరుతుంది. అప్పుడు చాక్లెట్ పెంచాలి, లేదా క్రీమ్ తగ్గించాలి. లేదంటే డబ్బాను విడిపోనిచ్చి పై పొర ఒక్కటే వాడాలి.

అసలు కష్టం గిలక్కొట్టే దగ్గర వస్తుంది. పాల కొవ్వు ఒక్క వేడి దగ్గర కరిగే రకం కాదు. దానిలో కొన్ని భాగాలు సున్నా కన్నా చాలా కింద కరిగితే, కొన్ని ఒంటి వేడి దాకా గట్టిగా ఉంటాయి. అందుకే ఫ్రిజ్ నుంచి తీసిన పాల క్రీమ్‌లోని ప్రతి బొట్టులో సగం గట్టి, సగం మెత్తన ఉంటుంది. చిలుకుతుంటే ఆ బొట్లు ఒకదానికొకటి సగం సగం అతుక్కుని గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. క్రీమ్ ఇంచుమించు రెట్టింపు పొంగి నిలబడటానికి కారణం అదే. కొబ్బరి కొవ్వుకు ఆ నడిమి స్థితి బాగా తక్కువ. ఫ్రిజ్ చలికి గట్టి ముద్ద, 24 డిగ్రీలు దాటితే నూనె.

దాన్ని బీటర్ కింద పెట్టినప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. మొదట పెళుసు ముక్కలుగా విరిగి గిన్నె అంచులకు కొట్టుకుంటుంది. అర నిమిషానికి ముక్కలు కరిగి నున్నగా, మెరుస్తూ మెత్తబడుతుంది. బీటర్ గీతలు దాని మీద నిలుస్తాయి. అదే ఆపాల్సిన చోటు. ఇంకా పొంగుతుందేమో అని కొట్టుకుంటూ పోతే రవ్వలా పలుకులు కడుతుంది, లేదా బీటర్ రాపిడి వేడికి జావలా జారుతుంది. పాల క్రీమ్‌లా రెట్టింపు అయ్యే ఆశ పెట్టుకోవద్దు. పలుకులు కడితే పారేయకండి. గిన్నెను కాసేపు గోరువెచ్చని నీళ్ల మీద పెట్టి కలిపి, మళ్లీ చల్లబరిచి కొడితే చాలావరకు దారికొస్తుంది. చక్కెర వేయాలనుకుంటే పొడి చక్కెర వేయండి. అంగట్లో అమ్మే పొడి చక్కెరలో సాధారణంగా కొంచెం మొక్కజొన్న పిండి ఉంటుంది, అది తడిని పీల్చి నిలబెడుతుంది. తయారైన క్రీమ్‌ను వడ్డించే ముందు దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. గదిలో వేడి 24 దాటిందంటే కేక్ మీద వేసిన పువ్వులు వాలిపోతాయి. వేడి గదిలో జరిగే ఫంక్షన్‌కి కేక్ మొత్తం కొబ్బరి క్రీమ్‌తో అలంకరిస్తానని ఒప్పుకుంటే ఆ టెన్షన్ మీదే.

ఇంకొకటి. పాలు పోసి తిప్పగానే గడ్డకట్టే ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడులు ఉంటాయి కదా, అవి కొబ్బరి పాలతో సరిగా కట్టవు. పొడిలో ఉండే ఫాస్ఫేట్లు పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌తో, కాల్షియంతో కలిసి గడ్డకట్టిస్తాయి. కొబ్బరిలో కేసీన్ అసలే లేదు, కాల్షియం నామమాత్రం. ఆ పొడి పక్కన పెట్టి, మొక్కజొన్న పిండి వేసి పొయ్యి మీద ఉడికించుకోవడమే దారి.

సూప్, సాస్, కూర, ఐస్‌క్రీమ్, కేక్ పిండిలో తడి, వీటిలో మాత్రం సమానంగా మార్చినా పెద్దగా తేడా రాదు. కొబ్బరి వాసన మీకు ఇష్టమైతేనే సుమా. వెల్లుల్లి, మసాలా, చాక్లెట్, కాఫీ లాంటి ఘాటైన రుచులు దాన్ని కొంత కప్పేస్తాయి. వెనీలా కప్పలేదు.

“పొయ్యి మీద విరిగితే కల్తీ”

నిజం చెప్పాలంటే విరగడం దాని స్వభావం. కొవ్వు బొట్లను పట్టి ఉంచే కొబ్బరి ప్రోటీన్ సుమారు 80 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అది చేయి వదిలేస్తే బొట్లు ఒకటై నూనె పైకి తేలుతుంది, ప్రోటీన్ తెల్లటి తరకలుగా మిగులుతుంది. చూడటానికి బాగోదు గానీ తినడానికి భేషుగ్గా ఉంటుంది. తెర్లించినా విరగని డబ్బా ఉందంటే దానిలో గమ్‌లు గట్టిగా పనిచేస్తున్నాయని అర్థం. మెసేజ్ లెక్కన చూస్తే అనుమానించాల్సింది దాన్నే!

విరగకుండా ఉండాలంటే క్రీమ్‌ను చివర్లో పోసి, మంట తగ్గించి, అంచుల్లో బుడగలు కనపడగానే దించేయాలి. ఎక్కువసేపు ఉడకాల్సినదైతే చెంచాడు మొక్కజొన్న పిండి చల్లటి నీళ్లలో కలిపి ముందే పోస్తే కాపాడుతుంది. పులుపుకు కూడా ప్రోటీన్ గడ్డకడుతుంది, కాబట్టి నిమ్మరసం పొయ్యి మీంచి దించాక పిండాలి. అప్పటికే విరిగిపోయిందా? మిక్సీలో వేసి ఒక్క తిప్పు తిప్పితే చాలావరకు కలిసిపోతుంది.

గమ్ అంటే కెమికల్ అనే మాటకు జవాబు చిన్నదే. గ్వార్ గమ్ గోరుచిక్కుడు గింజల నుంచి తీసే పిండి, డబ్బాలో ఉండేది కొద్దిపాటి. విడిపోవాలంటే అది లేనిది కొనండి, విరగకూడదంటే ఉన్నది కొనండి.

“కొలెస్ట్రాల్ లేదు, గుండెకు మంచిది”

మొదటి సగం నిజం. మొక్కల నుంచి వచ్చే దేనిలోనూ కొలెస్ట్రాల్ లెక్కలోకి వచ్చేంత ఉండదు. కానీ మన రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను ప్రధానంగా పెంచేది తిన్న కొలెస్ట్రాల్ కాదు, తిన్న సంతృప్త కొవ్వు. పాల కొవ్వులో అది సుమారు 60 నుంచి 65 శాతం, కొబ్బరి కొవ్వులో దాదాపు 90 శాతం. సంతృప్త కొవ్వు మొత్తం కేలరీల్లో 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి అది సుమారు 22 గ్రాములు. 22 శాతం కొవ్వున్న కొబ్బరి క్రీమ్ 100 గ్రాములు తింటే ఒక్క దానితోనే 20 గ్రాముల దాకా వచ్చేసినట్టే.

“అది ఎంసీటీ కొవ్వు, ఒంటికి పట్టదు” అనే వాదన కూడా దీనికి తోకలా వస్తుంది. ఎంసీటీ అంటే మామూలు వాటికంటే పొట్టి గొలుసుల కొవ్వు. ఎంసీటీ పేరుతో అమ్మే నూనెల్లో ఎక్కువగా ఉండేవి 8, 10 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు. కొబ్బరిలో సగానికి దగ్గరగా ఉండేది 12 కార్బన్ల లారిక్ ఆమ్లం. దానిలో ఎక్కువ భాగం మామూలు పొడవాటి కొవ్వుల దారిలోనే ఒంట్లో చేరుతుంది. 2020లో సర్క్యులేషన్ అనే వైద్య పత్రికలో 16 ప్రయోగాలను కలిపి చేసిన విశ్లేషణ వచ్చింది. పామ్ లాంటివి కాని ఇతర వంట నూనెలతో పోలిస్తే, కొబ్బరి నూనె వాడినప్పుడు చెడు కొలెస్ట్రాల్ డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు ఎక్కువగా తేలింది. మంచి కొలెస్ట్రాల్ కూడా కొంత పెరిగింది, ఆ మాటా చెప్పాలి. అవి నూనెతో చేసిన ప్రయోగాలు, నిజమే. కానీ క్రీమ్‌లో ఉన్నదీ ఆ కొవ్వే. అప్పుడప్పుడు తింటే ఏమీ కాదు. మందు అనుకుని రోజూ తినకండి. పాలకు బదులు ఇదే వాడుతుంటే కాల్షియం ఇంకెక్కడి నుంచి వస్తుందో కూడా చూసుకోండి.

“పాలు పడనివాళ్లు కళ్లు మూసుకుని వాడొచ్చు”

మిగతా మాటల వల్ల పాడయ్యేది వంట. ఈ మాట వల్ల మనిషికే ప్రమాదం.

లాక్టోజ్ పడకపోవడం వేరు, పాల అలర్జీ వేరు. మొదటిది పాలలోని చక్కెర అరగకపోవడం. కడుపు ఉబ్బరం, విరేచనాలతో పోతుంది. రెండోది పాల ప్రోటీన్ మీద ఒళ్లు తిరగబడటం. కొందరికి రవ్వంత తగిలినా ఊపిరాడదు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకోకూడదంటారు. ఇక్కడ భయం తిరగేసి ఉంటుంది, పాలు కావనుకున్న దానిలో పాలు ఉండొచ్చు. కొబ్బరి పాల పొడులు చాలావాటిలో, పొడి నీళ్లలో కలవడానికి, సోడియం కేసినేట్ వేస్తారు. అది పాల ప్రోటీనే. కాఫీలో కలిపే నాన్ డైరీ క్రీమర్లలో కూడా ఇది ఉండొచ్చు.

2013లో ఆస్ట్రేలియాలో పాల అలర్జీ ఉన్న ఒక బాలుడు దిగుమతి చేసిన డబ్బా కొబ్బరి డ్రింకు తాగి చనిపోయాడు. ఆ డ్రింకులో పాలు ఉన్నట్టు లేబుల్ మీద లేదు. ఆ తర్వాత 2015లో అక్కడ అలాంటి కొబ్బరి ఉత్పత్తులు వరసగా మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లాయి.

ఇంట్లో పాల అలర్జీ ఉన్నవాళ్లుంటే పొడి జోలికి పోకుండా, కొబ్బరి, నీళ్లు మాత్రమే రాసి ఉన్న డబ్బా తీసుకోండి. కేసీన్, కేసినేట్, వే (whey, పాలు విరిగాక మిగిలే నీరు), పాల ఘనపదార్థాలు అనే మాటల కోసం జాబితా అంతా చదవండి. ఎప్పుడూ కొనే డబ్బా అయినా కొన్న ప్రతిసారీ చదవండి, ఎందుకంటే కంపెనీలు తయారీ మారుస్తుంటాయి. అలర్జీ తీవ్రంగా ఉంటే పాలతో పాటు అదే మిషన్ మీద తయారైందా అని కంపెనీని అడగండి. ఆ మెసేజ్ మళ్లీ మీ గ్రూపులోకి వస్తే, మిగతాది ఎలా ఉన్నా, ఈ చివరి లైను మాత్రం తీసేసి పంపమని పంపినవాళ్లకు చెప్పండి.