సవరణ: ఆర్‌ఎస్‌వీ టీకాల మార్కెట్ గురించి

శ్వాసనాళాలకు, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు వేసే టీకాల అమ్మకాలు ఏటా పెరుగుతూనే పోతాయని మొన్నటి పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాను. పెద్దల టీకానీ, పసిపిల్లలకిచ్చే ఇంజెక్షన్‌నీ ఒకే గాటన కట్టకూడదు.

అమెరికాలో 2023 మేలో అనుమతి వచ్చిన జీఎస్‌కే కంపెనీ పెద్దల టీకా అరెక్స్‌వీ ఆ ఏడాది సుమారు 120 కోట్ల పౌండ్లు తెచ్చింది. 2024లో అది దాదాపు 59 కోట్లకు పడిపోయింది. టీకా పనిచేయకనే అనుకోవద్దు, దయచేసి. ఫ్లూ టీకాలా దీన్ని ఏటా వేయించుకోనక్కర్లేదు, ప్రస్తుతానికి ఒక్క డోసే. పైగా 2024 జూన్‌లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ సిఫారసును కుదించింది: 75 ఏళ్లు, ఆపైన అందరికీ, 60-74 మధ్య అయితే ముప్పు ఎక్కువున్నవాళ్లకే. ఒకసారి వేయించుకున్నవాళ్లు మళ్లీ రారు, కొత్తగా వచ్చేవాళ్లూ తగ్గారు.

పసిపిల్లల సంగతి వేరు. సనోఫీ, ఆస్ట్రాజెనెకాల ఇంజెక్షన్ బేఫోర్టస్ అమ్మకాలు 2024లో దాదాపు 170 కోట్ల యూరోలు. ఏటా కొత్తగా పిల్లలు పుడతారు కదా, గిరాకీ అంత తేలిగ్గా తరగదు. అయితే ఇది టీకా కాదు, వైరస్‌ను అడ్డుకునేలా నేరుగా ఒంట్లోకి ఎక్కించే యాంటీబాడీ. పుట్టబోయే బిడ్డ రక్షణ కోసం అమెరికాలో గర్భిణులకు 32-36 వారాల మధ్య వేసే ఫైజర్ అబ్రిస్వో మాత్రం టీకానే.