ఎస్ఎల్ బ్రేకులు పాత 124కు నేరుగా బిగుస్తాయా?

పాత మెర్సిడెస్ డబ్ల్యూ124 (ఇ220, 300ఇ, 500ఇ అన్నీ ఈ తరం కార్లే) యజమానుల్లో ఒక మాట బాగా ప్రచారంలో ఉంది: "ఆర్129 ఎస్ఎల్ (అదే కంపెనీ స్పోర్ట్స్ కారు) ముందు బ్రేకులు, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది వైపు నుంచి బండికి కలిపే కడ్డీలు) 124కు నేరుగా బిగుస్తాయి. చక్రం బోల్టుల కొలత రెండింటికీ 5×112 (112 మి.మీ. వ్యాసం గల వృత్తం మీద అయిదు బోల్టులు). 500ఇ కారులో కంపెనీయే అలా చేసింది. పెద్ద డిస్క్ వేస్తే బండి త్వరగా ఆగుతుంది." 1995లో పుణెలో తయారీ మొదలైన ఇ220లు మన దగ్గర ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి, ప్రాణాలతో ముడిపడిన ఈ మాటను పరిశీలించకుండా వదిలేయడం తప్పు.

5×112 సరిపోవడం వల్ల చక్రం హబ్‌కు, అంటే దాన్ని తిప్పే మధ్య భాగానికి, బిగుస్తుందని మాత్రమే తేలుతుంది. డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్ బిగిసేది, హబ్‌ను మోసే నకిల్‌కు. అక్కడ బోల్టు రంధ్రాల మధ్య దూరం, డిస్క్ లోతు రెండూ కుదిరితేనే డిస్క్ క్యాలిపర్ మధ్యలో తిరుగుతుంది.

500ఇకి బ్రేకులను, సస్పెన్షన్ భాగాలను ఎస్ఎల్ నుంచి తీసుకున్నారన్నది నిజమే. అయితే ఆ కారుకు ఫెండర్లను వెడల్పు చేశారు, 16 అంగుళాల చక్రాలు ఇచ్చారు, కూర్పు పనిని పోర్షెకు అప్పగించారు. అంత మార్పు చేసిన కారును చూపించి, మామూలు 124కు ఒక్క క్యాలిపర్ మారిస్తే చాలనడం న్యాయం కాదు.

300ఇ డిస్క్ 284 మి.మీ., 500ఎస్ఎల్ డిస్క్ 300 మి.మీ.; వ్యాసంలో తేడా 6 శాతం లోపే. క్యాలిపర్ మారితే పిస్టన్ల వైశాల్యం కూడా మారుతుంది కనుక, పాత మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను నెట్టే భాగం) పెడల్ ఇంకా లోతుకు దిగవచ్చు, ముందు వెనుక చక్రాల బ్రేకింగ్ నిష్పత్తి చెడవచ్చు. తడి రోడ్డు మీద ఆగే దూరాన్ని చివరికి నిర్ణయించేది టైరు పట్టే.

లోయర్ ఆర్మ్ సంగతి మరింత తీవ్రమైనది. 124లో కాయిల్ స్ప్రింగ్ షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉండదు, విడిగా ఆర్మ్ మీద కూర్చుంటుంది; కాబట్టి ఆర్మ్ మార్చాలంటే స్ప్రింగ్‌నూ తీయాల్సిందే. స్ప్రింగ్ పైనుండే రబ్బరు ప్యాడ్ మీది బొడిపెల సంఖ్య దాని మందాన్ని చెబుతుంది. ఎడమకూ కుడికీ వేర్వేరు మందాలు పడితే కారు ఒక పక్కకు ఒరుగుతుంది. పైగా ఆర్మ్ కిందికి జారకుండా ఆపేది షాక్ అబ్జార్బరే కావడంతో, ఆర్మ్ కింద జాకీ పెట్టకుండా దాన్ని విప్పితే స్ప్రింగ్ ఎగిరి మెకానిక్‌కు తగిలే ప్రమాదం ఉంది.

బ్రేకు పట్టు తగ్గిందనిపిస్తే ముందు డిస్క్ మందాన్ని కొలిచి కనీస పరిమితితో పోల్చాలి, ఉబ్బిన రబ్బరు గొట్టాలను, పాతబడిన బ్రేక్ ఆయిల్‌ను మార్చాలి, ఛాసిస్ నంబరు ప్రకారం పార్టు నంబరు చూసి ఆ కారుకు చెందిన భాగాన్నే తెప్పించుకోవాలి.