వంకర పళ్ళుండగా బెంగ దేనికి

నీట్ ఫలితాలొచ్చిన వారం తిరుపతిలో ఏ ఇంటికెళ్ళినా ఒకటే శోకం. ఎంబీబీఎస్‌కు ర్యాంకు చాల్లేదు, బీడీఎస్ అయితే వస్తుంది. "పండ్ల డాక్టరా నాయనా!" అని తండ్రి తల పట్టుకుంటాడు. అలాంటి తండ్రుల మేలు కోరి చెబుతున్నాను: బీడీఎస్ అయిదేళ్ళు, ఎండీఎస్ మూడేళ్ళు, అందులోనూ వంకర పళ్ళను సరిచేసే ఆర్థోడాంటిక్సే తీసుకోమనండి. ఎనిమిదేళ్ళు ఓపిక పడితే, ఆపైన జన్మంతా ఎదుటివాళ్ళ ఓపిక మీద బతకొచ్చు.

గుండె డాక్టరుకు అర్ధరాత్రి ఫోనొస్తుంది. పన్ను వంకరపోయిందని అర్ధరాత్రి ఎవరూ తలుపు తట్టరు. పన్ను కదిలేదే నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. ఒత్తిడి పడిన వైపు ఎముక కరగాలి, రెండో వైపు కొత్తది పుట్టాలి. తొందరపడి లాగితే వేరుకే ముప్పు. కాబట్టి "ఇంకా ఎన్నాళ్ళు సార్?" అంటే నేరం ఎముక మీదికి నెట్టేయొచ్చు. ఏడాదిన్నర, రెండేళ్ళు. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్ తలుపు ఎప్పుడు తీస్తారా అని చూస్తూ పెరిగిన ఊరు మనది, రెండేళ్ళొక లెక్కా? పైగా పని చేసేది నికెల్ టైటానియం తీగ. వంచి కట్టి పంపిస్తే, నోటి వెచ్చదనానికి అదే తన ఆకారానికి తిరిగొస్తూ పళ్ళను లాక్కొస్తుంది. డాక్టరు నిద్రపోతున్నా తీగ డ్యూటీలోనే ఉంటుంది. జీతమడగని కాంపౌండరు ఇంకే శాఖలో దొరుకుతాడు?

నెలనెలా వచ్చే పిల్ల ముందు తీగను పళ్ళకు బిగించే రంగు రబ్బరు రింగుల పళ్ళెం పెడతారు. పిల్ల నీలం వైపు వేలు చూపిస్తుంది. "తెల్లవి ఏయండి సార్, పెండ్లిచూపులుండాయి" అంటుంది తల్లి. నోరు తెరిచి ఉన్న పిల్ల ఎదురు చెప్పలేదు (ఈ వృత్తిలో ఇదొక అదనపు సుఖం). నాలుగు పూటలు పసుపేసిన పప్పు తినేసరికి ఆ తెల్ల రింగులు పచ్చబడతాయి. ఎన్నికల ఊపులో, ఏ పార్టీ ఇంట్లో అన్నదాన్నిబట్టి, అది పెద్ద గొడవ కూడా కావొచ్చు.

ఈ శాస్త్రానికి ఆద్యుడనదగ్గ ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో వంకర పళ్ళను మూడు తరగతులుగా విభజించాడు. ఉన్న పళ్ళు పీకొద్దని ఆయన పట్టు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ మాత్రం చోటు చాలకపోతే పీకాల్సిందే అన్నాడు. గురువును మించిన శిష్యుడి పుణ్యమా అని నాలుగు మంచి పళ్ళు పీకించుకుని, డబ్బిచ్చి, నమస్కారం పెట్టి వెళ్ళేవాళ్ళు ఇవాళ ఎందరో.

చిత్తూరు సీమ ఈ వృత్తికి కలిసొచ్చే నేల. నిప్పట్లు, మురుకులు, శెనక్కాయ ఉండలు, చెరుకు: తీగ నిలవడానికి పంటికి అతికించిన బ్రాకెట్ ఊడగొట్టడానికి వేరే ఆయుధాలక్కర్లేదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన లడ్డూలోనూ కలకండ పలుకులుంటాయి. "గట్టివి తినొద్దు" అని డాక్టరు చీటీ రాసిస్తాడు. ప్రసాదాన్ని కాదనే తల్లి ఈ ఊళ్ళో ఉందా? ఊడితే మళ్ళీ రావాల్సిందే.

తీగ తీసేశాక కథ ముగిసిందనుకునేరు. పళ్ళు పాత చోటికి పోవాలని చూస్తూనే ఉంటాయి, అందుకే వాటిని కదలకుండా పట్టి ఉంచే రిటైనర్. అన్నం తినేటప్పుడు తీసి టిష్యూ కాగితంలో చుట్టి ఆకు పక్కన పెడతారు. పెండ్లి భోజనంలో ఆకుతోపాటే అదీ ఎత్తేస్తారు. అందువల్ల క్లినిక్‌కు చోటు వెదికేటప్పుడు కల్యాణమండపానికి దగ్గర్లో చూడండి. కింద మురుకుల అంగడి ఉన్న మేడ దొరికితే అద్దె బేరమాడకండి.