ఆటిజం: సెషన్లు కొనడం తర్వాత, ముందు ఇంట్లో తెలుగు మాట్లాడండి

బిడ్డకు ఆటిజం అని రిపోర్టు చేతికొచ్చిన నెలలోపే మన ఇళ్ళలో రెండు నిర్ణయాలు జరిగిపోతున్నాయి. దగ్గర్లో ఉన్న థెరపీ సెంటర్‌లో ప్యాకేజీ కట్టేయడం ఒకటి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌కు మారిపోవడం రెండోది. మొదటిది తొందరపాటు, రెండోది పొరపాటు. రెండింటికీ మూలం ఒక్కటే: ఈ బిడ్డకు నేర్పడం బయటివాళ్ళ పని, మనకు చేతకాదు అన్న భయం. ఆ భయం పోనంతకాలం ఎన్ని సెషన్లు కొన్నా ఫలితం అరకొరగానే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. వారానికి 3 సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. మొత్తం 2 గంటల 15 నిమిషాలు. మూడేళ్ళ బిడ్డ రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటే వారానికి 84 గంటలు. మిగిలిన 81 గంటల 45 నిమిషాలూ గడిచేది అమ్మ దగ్గర, నాన్న దగ్గర, అమ్మమ్మ దగ్గర, లేదంటే ఫోన్ దగ్గర. ఆ గంటల్లో ఏం జరగాలో ఎవరూ నేర్పడం లేదు. చాలా సెంటర్లలో బిడ్డను లోపలికి తీసుకుని తలుపేస్తారు. అమ్మ బయట కుర్చీలో కూర్చుంటుంది. ముప్పావుగంట తర్వాత 'ఇవాళ బాగానే కూర్చున్నాడండీ' అన్న ఒక్క మాటతో ఇంటికి పంపిస్తారు. ఆ గదిలో ఏ ఆట ఆడించారు, ఎక్కడ ఆగారు, బిడ్డ దేనికి తిరిగి చూశాడు అన్నవి ఆమెకు తెలియవు. డబ్బు కట్టింది మాత్రం వాటికే.

ఇంట్లోవాళ్ళకు నేర్పితే పని జరుగుతుందా అంటే, జరుగుతుందని చూపిన అధ్యయనం మన గడ్డ మీదే ఉంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 2 నుంచి 9 ఏళ్ళ లోపు పిల్లలు 65 మందితో చేసిన 'పాస్' ప్రయోగం ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. అందులో తల్లిదండ్రులకు నేర్పినవాళ్ళు స్పెషలిస్టులు కారు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. పదిహేను రోజులకొకటి చొప్పున 12 సెషన్లు. పద్ధతి ఇంతే: తల్లీబిడ్డా ఆడుకుంటుండగా వీడియో తీస్తారు, తర్వాత ఆమెతో కలిసి దాన్ని చూస్తారు. ఇక్కడ బిడ్డ మీ వైపు చూశాడు, మీరు గమనించలేదు. ఇక్కడ మీరు ఆగారు, వెంటనే వాడు చెయ్యి చాపాడు, అని చూపిస్తారు. ఇంట్లో రోజుకు అరగంట సాధన. తల్లిదండ్రులు బిడ్డ తీరుకు తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. ఆటిజం పోయిందని వాళ్ళు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రుల కోసం తయారు చేసిన శిక్షణా ఇదే దారిలో నడుస్తుంది: 9 సామూహిక తరగతులు, 3 సార్లు ఇంటికి రావడం.

ఈ నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఒక దోసె దగ్గర చూద్దాం. దోసెను ఎనిమిది ముక్కలు చేసి పళ్ళెం మీ దగ్గరే పెట్టుకోండి. బిడ్డకు ఎదురుగా, వాడి కళ్ళ ఎత్తులో కూర్చోండి. మొదటి రెండు ముక్కలు ఊరికే ఇచ్చేయండి, ఆకలి మీద పాఠాలు సాగవు. మూడో ముక్క చేతిలో పట్టుకుని ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. మొహంలో ఎదురుచూపు కనిపించాలి, నోట్లోంచి మాట రాకూడదు. బిడ్డ మీ చేతి వైపు చూసినా, చెయ్యి చాపినా, 'ఊఁ' అన్నా అది అడగడమే. 'దోసె' అని ఒక్క మాట చెప్పి ముక్క చేతికివ్వండి. అంతే, పొగడ్తలు అక్కర్లేదు, దోసే బహుమానం. ఇది చెడిపోయేది ఎక్కడంటే మన తొందర దగ్గర. మూడు సెకన్లు కాకముందే 'ఏం కావాలి నాన్నా? దోసె కావాలా? దో...సె అను' అని మొదలుపెడతాం. బిడ్డకు ఆలోచించుకునే జాగా ఉండదు. ఇంకొందరు మాట అంటేనే పెడతానని బిగుసుకుంటారు. రెండు రోజుల్లో పళ్ళెం చూస్తేనే బిడ్డ పారిపోతాడు.

స్నానం దగ్గరా ఇంతే. 'ఒకటి, రెండు...' అని చెంబు ఎత్తి ఆగితే, మూడు కోసం బిడ్డ మొహమెత్తి చూస్తాడు. గుడుగుడు గుంచం ఆటలో పిడికిలి మీద పిడికిలి పేరుస్తూ మధ్యలో ఆగితే, తన పిడికిలి తెచ్చి పెడతాడు. వంతు కోసం ఆగడం, ఎదుటి మనిషిని చూడటం, తర్వాత ఏమొస్తుందో ఊహించడం ఇవన్నీ రంగురంగుల ఖరీదైన బొమ్మలు లేకుండానే వచ్చేస్తాయి. బిడ్డకు మాటలు ఇంకా రాకపోతే మీరు ఒక్కో మాట వాడండి. ఒక మాట వస్తే రెండు కలపండి: 'దోసె' అంటే 'వేడి దోసె' అనండి. ప్రశ్నలు తగ్గించండి. 'ఇదేంటి? దీని రంగేంటి?' అని రోజంతా పరీక్ష పెడితే ఏ పిల్లాడికైనా మాట మీద విసుగే పుడుతుంది.

మాట అసలు రాని బిడ్డకు ఫొటో కార్డులు మొదలుపెట్టాలి. మీ ఇంటి గ్లాసు, మీ ఇంటి అరటిపండు, మీ ఇంటి ఉయ్యాల ఫొటోలు తీసి ప్రింటు వేయించి లామినేట్ చేయించండి. మొదట్లో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు ఎదురుగా వస్తువు పట్టుకుని కూర్చుంటారు. ఇంకొకరు వెనక నుంచి, ఒక్క మాటైనా మాట్లాడకుండా, బిడ్డ చేతితో కార్డు తీయించి ఎదుటివారి చేతిలో పెట్టిస్తారు. వెనకున్నవారు నోరు విప్పితే పని చెడుతుంది, ఎందుకంటే బిడ్డ అడగాల్సింది ఎదుటివారిని. కార్డులిస్తే ఇక మాటలు రావన్న భయానికి ఆధారం లేదు.

మొదటి నెలలో తప్పనిసరిగా చేయించాల్సినవి కొన్నే. పేరు పెట్టి పిలిస్తే పలకని బిడ్డకు వినికిడి పరీక్ష జరగాలి, చిన్నపిల్లలకైతే బెరా, అంటే శబ్దానికి చెవి, మెదడు నరాలు ఎలా స్పందిస్తున్నాయో యంత్రంతో కొలిచే పరీక్ష. టీవీ ప్రకటన వినగానే పరిగెత్తుకొస్తున్నాడు కాబట్టి వినికిడి బాగానే ఉందనుకోవద్దు. ఫిట్స్ అనుమానం ఉంటేనో, వచ్చిన మాటలు పోతేనో ఈఈజీ గురించి డాక్టర్‌ను అడగండి. అందరికీ ఎంఆర్‌ఐ అవసరం లేదు. నిద్ర సరిగా లేకపోతే, తిండి నాలుగైదు రకాలకే పరిమితమైతే ఐరన్ నిల్వలు చూపించే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఇంట్లో సంపు ఉంటే మూతకు ఇవాళే తాళం వేయండి. చెప్పకుండా బయటికి వెళ్ళిపోవడం, నీళ్ళంటే విపరీతమైన ఇష్టం ఈ పిల్లల్లో చాలామందికి ఉంటాయి, ఆ రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. పాలు, పెరుగు, గోధుమలు మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. పెరుగన్నం తప్ప ఇంకేమీ ముట్టని బిడ్డకు పెరుగు తీసేస్తే ఇక మిగిలేదేమిటి? స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల పేరుతో లక్షలు అడిగేవాళ్ళ గడప తొక్కవద్దు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లోనే తేల్చింది.

వైకల్య సర్టిఫికెట్ విషయంలో బిడ్డ మీద ముద్ర పడుతుందని వెనకాడేవాళ్ళు ఎక్కువ. ముద్ర కన్నా హక్కు పెద్దది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, ఓపీ థెరపీలకూ అందులో కొంత వాటా ఉంది. వీటన్నిటికీ ముందు ఆ కాగితం కావాలి.

థెరపీ వద్దని నేను అనడం లేదు. థెరపిస్టు పని మారాలంటున్నాను. సెంటర్‌లో చేరే ముందే అడగండి: నేను లోపల కూర్చోవచ్చా? ఈ వారం ఇంట్లో చేయాల్సిన ఒక్క పని రాసిస్తారా? లక్ష్యం కాగితం మీద ఎలా ఉంది? 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అన్నది లక్ష్యం కాదు. 'మూడు నెలల్లో, రోజుకు కనీసం పది సార్లు, తనకు కావలసిన దాన్ని వేలితో గానీ కార్డుతో గానీ అడగాలి' అన్నది లక్ష్యం, ఎందుకంటే దాన్ని లెక్కపెట్టవచ్చు. స్పీచ్ థెరపిస్టుకూ స్పెషల్ ఎడ్యుకేటర్‌కూ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే మొహం మాడ్చుకునే చోట మీ బిడ్డను వదలవద్దు.

ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో ఇదంతా ఎలా కుదురుతుంది, చివరికి భారమంతా అమ్మ నెత్తిన పడదా అంటారు. న్యాయమైన మాటే. తన తల తనే కొట్టుకుంటున్న బిడ్డకో, రాత్రంతా నిద్రపోని బిడ్డకో నిపుణుల సాయం ఎక్కువే కావాలి. అయితే నేను చెబుతున్నది కొత్త గంటలు వెతుక్కోమని కాదు. తినిపించడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం ఎలాగూ జరుగుతున్నాయి. వాటిలో ఒకటి నాన్న తీసుకోవాలి, రోజూ అదే పూట తీసుకోవాలి.

ఇక అసలు బాధ భాష గురించి. 'ఇంట్లో తెలుగు ఆపేయండి, రెండు భాషలైతే పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడు' అని ప్లేస్కూళ్ళలోనే కాదు, కొన్ని థెరపీ గదుల్లో కూడా చెబుతున్నారు. ఇది తప్పు. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలు ఒకే భాషలో పెరిగినవాళ్ళ కన్నా వెనకబడలేదని వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలు పదేపదే చూపించాయి. పైగా ఈ సలహాతో ఇంట్లో జరిగేది చూడండి. తెలుగులో ఊరూవాడా కబుర్లు చెప్పగలిగిన అమ్మ, ఇంగ్లిష్‌లోకి మారగానే 'కమ్, సిట్, ఈట్, నో, గుడ్ బాయ్' అన్న అయిదారు మాటల మనిషి అవుతుంది. అవన్నీ ఆజ్ఞలే. ముద్దు లేదు, లాలన లేదు, బుజ్జగింపు లేదు. నాయనమ్మ నోరే మూతపడుతుంది. ఇంట్లో అందరికన్నా ఓపిక, తీరిక ఉన్న మనిషిని ఆ 81 గంటల్లోంచి మనమే తీసేస్తున్నాం. ఎదుటి మనిషితో ముడిపడటమే కష్టంగా ఉన్న బిడ్డకు చుట్టూ ఉన్న మనుషుల్ని తగ్గించడం వైద్యం ఎలా అవుతుంది?

బిడ్డ ఏబీసీడీలు, ఇంగ్లిష్ రైమ్స్ గడగడా అప్పజెబుతున్నాడని మురిసిపోయి అదే వాడి భాష అనుకుంటారు. వీడియో చూసి వల్లించడం వేరు, దాహమేస్తే అడగడం వేరు. వాడు 'వాటర్' అంటే వద్దనకండి. 'నీళ్ళు, ఇదిగో నీళ్ళు' అని గ్లాసు అందించండి, రెండూ వాడివే అవుతాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడితే ఉర్దూ, లంబాడీ అయితే లంబాడీ, గోండి అయితే గోండి. అసెస్‌మెంట్ కూడా ఇంటి భాషలోనే చేయమని అడగండి. గుమ్మడికాయను చూసి తెలుగులో పేరు చెప్పగల బిడ్డకు ఇంగ్లిష్ పేరు రాలేదని సున్నా వేస్తే, ఆ రిపోర్టు కొలిచింది ఆటిజాన్ని కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఇదే చెబుతాను: మీ బిడ్డకు ప్రత్యేకంగా చదువు ప్రణాళిక రాసే ఐఈపీ సమావేశంలో మీకు అర్థమయ్యేలా దుబాసీని పెట్టే బాధ్యతను అమెరికా చట్టం బడి మీదే పెట్టింది. అడగడానికి మొహమాటపడి ఇంట్లో భాష మార్చుకోవద్దు.

తెలుగులో చదువు రాదు, తెలుగులో ఉద్యోగం రాదు అంటూ బడి మాధ్యమం మీద జరిగిన రాద్ధాంతం పాఠకులకు కొత్త కాదు. ఆ అపనమ్మకం ఇప్పుడు మాటలు రాని బిడ్డ ఉయ్యాల దాకా వచ్చింది. దీనికి ప్రభుత్వాలు చేయగలిగింది ఉంది. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లాల్లో డీఈఐసీలు, అంటే ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ స్థాయి సంస్థ నీపిడ్ ఉంది. ఊరూరా ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు. గోవాలో చేసింది కూడా స్పెషలిస్టులు కానివాళ్ళే. 12 సెషన్ల పాఠ్యం తెలుగులో రాయించి, మన ఇళ్ళలో తీసిన వీడియోలతో, రెండు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లాను ఎంచుకుని మొదలుపెట్టాలి. డీఈఐసీకి వచ్చిన ప్రతి కుటుంబానికీ తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీతో పాటు, ఇంటికొచ్చి నేర్పే మనిషి పేరు కూడా ఆ చీటీ మీద రాసివ్వాలి.